గ్లౌజు వేస్తే చెయ్యి గుడ్డిదవుతుందట

మా ఆయన పశువుల డాక్టరు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ వేసవంతా ఆయన మనుషుల డాక్టర్ల దగ్గర నోరు విప్పి చెప్పని ముక్క అదే. చెప్పి ఉంటే ఈ కథ అరపేజీలో అయిపోయేది. నా తలనొప్పీ అక్కడితో తీరేది.

ఆ ఏడు మా ఇంటికి రెండు సీజన్లు కలిసి వచ్చాయి. నాది యూనిఫారాల సీజను. బడులు తెరిచేలోగా చుట్టుపక్కల బడులన్నింటికీ చొక్కాలు, లాగులు కుట్టివ్వాలి. వీధివైపు గదిలో గుడ్డ తానులు కిటికీ దాకా పేర్చి ఉండేవి. పొద్దున మిషను ముందు కూర్చుంటే మళ్లీ లేవడం గగనం. సాయంత్రానికి నడుము పట్టేసేది, వేళ్ల చివర్లన్నీ సూదిపోట్లే. ఆయనది ఆవులు ఈనే సీజను. ఊరి బయట పెద్ద డెయిరీలో ఆవులన్నీ ఒకదాని వెనక ఒకటి ఈనుతున్నాయి. సుఖంగా ఈనితే ఎవరికీ బాధ లేదు. ఆ ఏడు చాలా వాటికి నెలలు నిండకుండానే దూడలు పడిపోయాయి. ఫోను మోగడం, ఈయన స్కూటరెక్కి పరిగెత్తడం, నెత్తురూ ఉమ్మనీరూ ఎండి అట్టకట్టిన చొక్కాతో తిరిగి రావడం, రోజూ ఇదే వరస.

ఆ చొక్కాల్ని వాషింగ్ మిషన్లో వేస్తే మిగతా బట్టలకూ ఆ వాసన పట్టేస్తుంది. అందుకని వెనకవైపు గచ్చు మీద వాటికి వేరే బకెట్టు, వేరే బ్రష్షు పెట్టుకున్నాను. మోకాళ్ల మీద కూర్చుని చేత్తోనే రుద్దేదాన్ని.

"భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ గ్లౌజులున్నాయి కదండీ, అవి వేసుకుంటే చొక్కా అయినా బాగుపడుతుంది" అని ఎన్నిసార్లు అన్నానో.

"గ్లౌజు వేస్తే చెయ్యి గుడ్డిదవుతుంది" అనేవారు. "లోపల దూడ కాలెక్కడుందో, తలెక్కడుందో వేళ్లకి తెలియాలి. పైగా అది భుజం దగ్గర నిలిచి చస్తేనా? జారి మణికట్టు దగ్గర కుప్పపడుతుంది."

ఇదే మనిషి, తన కింద పనిచేసేవాళ్లు గ్లౌజు లేకుండా ఆవు మీద చెయ్యి వేస్తే ఒంటికాలి మీద లేస్తారు. ఇంట్లో పాలు మూడు పొంగులు రానిదే ఎవరికీ గ్లాసులో పొయ్యనివ్వరు. దూడలు పడిపోతున్నాయని తెలిసిన రోజే డెయిరీలో ఆవులన్నింటికీ రక్తం తీసి పరీక్షకు పంపారు, జబ్బున్న వాటిని వేరే కొట్టంలో కట్టించారు, కింద పరిచిన గడ్డి అంతా తీయించి కాల్పించారు. ఆవుల విషయంలో ఆయన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఆయనకు జ్వరం ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా తెలియదు, చెబితే కదా. సాయంత్రం స్కూటరు దిగేసరికి కళ్లు ఎర్రగా ఉండేవి. పడుకున్న పక్క తడిసి ముద్దయ్యేది. చెమటకు ఒకరకం ముక్కిన గడ్డి వాసన. తెల్లారేసరికి ఒళ్లు చల్లగా, ఏమీ ఎరగనట్టు గడ్డం గీసుకుంటూ కనిపించేవారు. నాలుగు రోజులు కాసి, నాలుగు రోజులు మాని, మళ్లీ కాసేది.

"ఎండన పడి తిరిగితే రాదూ" అనేది మా అత్తగారు, వంటింటి గుమ్మంలో కూర్చుని. "ఆ మిషను కాస్త ఆపి వాడికి వేళకింత పెడితే జ్వరమూ ఉండదు, గిరమూ ఉండదు."

"పెడితే తినాలి కదా అత్తయ్యా."

"తినేట్టు పెట్టాలి."

కొడుక్కి జ్వరం వచ్చినా, కొళాయిలో నీళ్లు రాకపోయినా ఆవిడకు నా మిషనే కనిపిస్తుంది. ఆవిడతో వాదిస్తే ఆ రోజుకి కాజాలు పూర్తి కావు. అందుకని నోరు మూసుకున్నాను.

నేను నెత్తీ నోరూ బాదుకుంటే డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఒక్కరే వెళ్లారు. నీ పని పాడవుతుందని నామీద దయ చూపించారు. టైఫాయిడు కావచ్చన్నారట, మాత్రలు తెచ్చుకున్నారు. మూడో రోజుకి జ్వరం పోయింది. "చూశావా" అని మీసం దువ్వారు. పది రోజులు తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఇంకో డాక్టరు కీళ్లవాతం అన్నాడట, ఇంకో రకం మాత్రలు. మళ్లీ మూడో రోజుకి తగ్గింది, మళ్లీ వచ్చింది. రక్తం పరీక్షల్లో ఏమీ దొరకలేదు. డాక్టరు పేరు ఏదైనా, మాత్ర రంగు ఏదైనా, సరిగ్గా ఒకేలా తగ్గుతోంది, ఒకేలా తిరిగొస్తోంది. నాకు అర్థం కాక తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆయన ప్యాంటు నడుము లోపలికి తీసి కుట్టమని నా ముందు పడేశారు. ఆ సీజన్లో అది రెండోసారి. సరే, చిక్కిపోయారు, అది కళ్లకు కనిపిస్తున్నదే. కుట్టు విప్పి ప్యాంటు తిరగేసేసరికి కింద అంచు కనిపించింది. కుడికాలు అంచు కొత్తదానిలా ఉంది. ఎడమకాలు అంచు అరిగి పీచులు పీచులుగా వేలాడుతోంది.

"మీరు ఎడమకాలు ఈడుస్తున్నారా?"

"స్కూటరు స్టాండు తగిలి చిరిగింది."

"చిరగలేదు, అరిగింది. నేను బట్టలు కుట్టేదాన్ని, నాకు చెప్పకండి."

"నీ అనుమానాలు నువ్వూ" అని గదిలోకి వెళ్లిపోయారు. వెళ్తుంటే చూశాను. తలుపు దగ్గర ఒక్కక్షణం ఆగి, ద్వారబంధం పట్టుకుని, తుంటిని పక్కకి లాగి అడుగేశారు. అప్పటిదాకా నాకు ఆయన మీద కోపమే. అప్పుడు మాత్రం భయమేసింది. ఈ మనిషి ఇక లేచి నడవగలరో లేదో అని నిజంగా భయమేసింది. ఆవు కాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని చేసే పని ఆయనది. ఆ తుంటి పోతే ఆయనకు మరో పని చేతకాదు, మరో పని ఇష్టమూ లేదు.

మర్నాడు స్నానాల గదిలో అలమర కడుగుతుంటే, గడ్డం సామాను వెనక చేతికి ఒక సీసా తగిలింది. దాని మీద ఆవు బొమ్మ. పశువుల డాక్టరు ఇంట్లో ఆవు బొమ్మ సీసా వింతేమీ కాదు, కానీ అవి ఉండాల్సింది స్కూటరు పెట్టెలో. పక్కనే కాగితంలో చుట్టి సిరంజి, సూది. పశువులకు పొడిచే సూదులు నాకు తెలుసు, గోనెసంచి కుట్టే దబ్బనాల్లా ఉంటాయి. ఇది సన్నసూది, మనుషులకు పొడిచేది.

గచ్చు మీదే కూర్చుండిపోయాను. జ్వరం మూడో రోజుకల్లా ఎలా తగ్గుతోందో అప్పుడు తెలిసింది. డాక్టర్లిచ్చిన మాత్రలకు కాదు. ఈయన ఆవు మందు తనే పొడుచుకుంటున్నారు! తగ్గగానే ఆపేస్తున్నారు. రాగానే మళ్లీ పొడుచుకుంటున్నారు. మధ్యలో నేను డాక్టర్లను తిట్టుకుంటూ, అత్తగారి చేత తిట్లు తింటూ, పక్క గుడ్డలు పిండుకుంటూ ఉన్నాను.

అరిచి గోల చేద్దామనుకున్నాను. చేస్తే ఏమవుతుంది? సీసా చోటు మారుతుంది, అంతే. అందుకని దాన్ని నా చేతిసంచీలో వేసుకున్నాను.

"రేపు కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం. నేనూ వస్తున్నా."

"నీ యూనిఫారాలో?"

"పిల్లలు పాత చొక్కాలు వేసుకుంటారు. చదువేమీ ఆగదు."

కొత్త డాక్టరమ్మ చిన్న వయసే గానీ ముక్కు మీద కోపం. నాకు చూడగానే నచ్చింది. పాత కాగితాలన్నీ తిరగేసి, ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి ఎడమ మోకాలు మడిచి పక్కకి తిప్పింది. ఆయన పళ్లు బిగపట్టారు.

"ఇంట్లో పశువులున్నాయా?"

"లేవండీ" అన్నారు ఆయన. నిజమే, లేవు.

"పచ్చిపాలు తాగుతారా?"

"ఛ, మరిగించనిదే ముట్టం." అదీ నిజమే.

"ఏం పని చేస్తారు?"

"ప్రభుత్వోద్యోగం."

"ఆఫీసా?"

"ఆ... ఆఫీసుంది."

మొదటి ఇద్దరి దగ్గరా ఏం జరిగిందో నాకప్పుడు తెలిసొచ్చింది. ఒక్క అబద్ధమైనా ఆడకుండా ఎంత చక్కగా తప్పించుకొస్తున్నారో!

"పశువుల డాక్టరండీ" అన్నాను.

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను కింద పెట్టింది. ఆయన వైపు చూసింది. ఆయన గోడకున్న ఎముకల బొమ్మ వైపు చూశారు.

"ఈమధ్య ఆవులకు పురుళ్లు పోశారా?"

"పోస్తూనే ఉన్నారు" అన్నాను. "దూడలు పడిపోయిన వాటికి కూడా. వట్టి చేతులతో."

"వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"అబ్బే, లేదు" అన్నారు ఆయన.

నేను సంచీలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను, ఆవు బొమ్మ డాక్టరమ్మ వైపు ఉండేట్టు. ఆయన తేలు కుట్టిన దొంగలా అయిపోయారు.

డాక్టరమ్మ సీసా ఎత్తి వెలుగులో చదివింది. ఆ తర్వాత అన్నది చూడండి, నా కడుపు చల్లబడింది.

"మీరు డాక్టరేనా అసలు? ఆవుల నుంచి మీకంటిన క్రిమిని ఇది చంపదు, నిద్రపుచ్చుతుంది. అందుకే పరీక్షల్లో దొరక్కుండా పోయింది. నిద్ర లేచినప్పుడల్లా ఇంకో అడుగు లోపలికి వెళ్లింది. ఇప్పుడు తుంటి కీలు దగ్గర కూర్చుంది. ఇదేం జబ్బో మీకు తెలియదా?"

"తెలుసు" అన్నారు ఆయన, పైకి వినిపించీ వినిపించనట్టు. "ఈసుడు రోగం. ఆవులకు దూడలు పడిపోయే జబ్బుని అలా అంటాం."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

ఆయన మళ్లీ ఎముకల బొమ్మ వైపు తిరిగి అన్నారు. "గ్లౌజులు వేసుకోండని ఊరందరికీ చెప్పేవాణ్ని నేనేనండీ."

నలుగురూ నవ్వుతారనట! నవ్వుతారని తుంటి పోగొట్టుకునే మనిషితో కాపురం చేస్తున్నాను. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆయన తల కూడా.

డాక్టరమ్మ ఈ జబ్బుకు వేరే పరీక్ష రాసిచ్చింది. తుంటికి ఎక్స్‌రే రాసింది. మేం లేవబోతుంటే, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

"ఆ నెత్తురు బట్టలు ఎవరు ఉతుకుతారు?"

"ఎవరు ఉతుకుతారండీ, నేనే."

"చేత్తోనా?"

"చేత్తోనే."

"మీకెలా ఉంది?"

"నాకేం, బాగానే ఉన్నా. నడుం నొప్పి, చెమటలు. సీజను కదా, మిషను ముందు నుంచి లేవట్లేదు."

"జ్వరం చూసుకున్నారా?"

ఆ సీజన్లో థర్మామీటరు ఎన్నిసార్లు ఆయన నోట్లో పెట్టానో, ఎన్నిసార్లు కడిగి పెట్టానో లెక్కలేదు. నా నోట్లో పెట్టుకోవచ్చని ఒక్కసారీ తోచలేదు. అదే చెప్పాను. ఆయన తల తిప్పి నా చేతుల వైపు చూశారు. బల్ల మీదే ఉన్నాయి, వేళ్ల చివర్ల నిండా సూదిపోట్లతో. డాక్టరమ్మ రెండో కాగితం తీసి నా పేరు రాసింది.

రిపోర్టులు వచ్చిన రోజు ఆయనే వెళ్లి తెచ్చారు. తనది మడిచి జేబులో పెట్టుకున్నారు, ముందే తెలిసిన సంగతే కదా. నాది చేత్తో పట్టుకుని గుడ్డ తానుల మీద కూలబడ్డారు.

"నీకూ ఉంది."

"ఉంటే ఉంది. ఇప్పుడు మందుందిగా" అన్నాను.

"నడుం నొప్పి ఎన్నాళ్లనుంచి? చెమటలు ఎన్నాళ్లనుంచి? చెప్పొద్దూ?" అని అరిచారు.

"ఎవరికి చెప్పాలి? మీకా? మీరు నాకు చెప్పారా?"

"ఇద్దరూ ఇద్దరే" అంది అత్తగారు గుమ్మంలోంచి. తర్వాత ఆవిడకూ పరీక్ష చేయించాం. ఏమీ లేదని తేలింది. క్లాసులో ఫస్టొచ్చినట్టు వారం రోజులు తిరిగింది.

ఆయన కాగితం మడిచారు, విప్పారు, మళ్లీ మడిచారు. "దూడ పడిపోతే ఆ కొట్టంలోకి పిల్లిని కూడా రానివ్వను నేను" అన్నారు. "గడ్డితో సహా కాల్పిస్తాను. చొక్కా మాత్రం తెచ్చి నీ బకెట్లో వేశాను. రోజూ వేశాను. అది నాకు..." అని ఆగిపోయారు.

తిట్టడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఆయన ముఖం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. ఇన్నాళ్లు దాచుకున్న కోపం సరిగ్గా అక్కరకొచ్చేవేళ చల్లారిపోయినందుకు నా మీద నాకే విసుగేసింది.

నాకు ఆరు వారాల మందు. ఆయనకు తుంటి పట్టింది కనక మూడు నెలలు, పైన ఇంజెక్షన్లు. ఈసారి నర్సు పొడిచింది. మాత్రల్లో ఎర్ర క్యాప్సూలు ఒకటుండేది. అది మింగితే ఒంట్లోంచి వచ్చే నీళ్లన్నీ నారింజరంగే, ఆఖరికి చెమట కూడా. తెల్లచొక్కాల కాలర్లు పాడవకుండా మెడకు తువ్వాలు చుట్టుకుని కుట్టాను. చొక్కాలు ఆలస్యమయ్యాయని బడివాళ్లు గొణిగారు. గొణగనీ అనుకున్నాను.

ఇంతకాలం మందు దాచుకున్న మనిషి ఇప్పుడు నా మందుకి కాపలా. నాకేమో ఆ మాత్రలు పడక కడుపులో ఒకటే తిప్పుడు. వారం తిరిగేసరికి నడుం నొప్పి తగ్గింది. ఒక పూట మానేస్తే ఏమవుతుందిలే అనుకునేలోగా నీళ్ల గ్లాసుతో ఎదురుగా ప్రత్యక్షం.

"సగంలో ఆపితే వెన్నులోకి వెళ్తుంది" అనేవారు.

"తమరే చెప్పాలి."

"అందుకే చెప్తున్నా. మింగు."

ఒకరోజు మిషను ఆపి వెనకవైపు వెళితే, ఆయన పీట మీద ఎడమకాలు చాపుకుని కూర్చుని తన పాత చొక్కాలు ఉతుక్కుంటున్నారు. వేణ్నీళ్ల బకెట్టు, పొగలు. రెండు చేతులకూ భుజాల దాకా ఆవుల గ్లౌజులు. ఆయన చెప్పింది నిజమే, అవి భుజం దగ్గర నిలవవు. ఒకటి జారి బకెట్లో పడి, నీళ్లతో నిండి, ఏనుగు తొండంలా ఉబ్బింది. దాన్ని పైకి లాక్కోలేక, రెండో చేత్తో పట్టుకోలేక తిప్పలు పడుతున్నారు. ఆ సీజన్లో మొదటిసారి నవ్వాను. నవ్వుతూనే లోపలికెళ్లి టేపు తెచ్చాను.

"చెయ్యి చాపండి."

"ఎందుకు?"

"చాపమంటే చాపండి."

భుజం కింద, దండచేయి దగ్గర కొలిచాను. టేపు చుట్టి బిగిస్తే ఎంత సన్నగా వచ్చిందంటే, తప్పు చదివానేమోనని మళ్లీ కొలిచాను. అంతే ఉంది. లోపలికి వచ్చి, లాగుల నడుముకి వాడే ఎలాస్టిక్ కత్తిరించి దండకు పట్టీ కుట్టాను. దాన్నుంచి మెడ వెనక తిరిగి రెండో చంకకింద బొత్తాం పడేట్టు ఒక నాడా పెట్టాను. గ్లౌజు పట్టీ కింద దోపితే జారదు. ఆయన వేసుకుని చెయ్యి పైకీ కిందకీ ఊపి చూశారు.

"జారట్లేదు" అన్నారు, కొంచెం నిరాశగా.

"ఇక చెయ్యి గుడ్డిదవడం ఒక్కటే మిగిలింది. దానికి నా దగ్గర గుడ్డ లేదు."

వానలు పడ్డాయి. నా మాత్రలు అయిపోయాయి. ఆయనవి ఇంకా ఉన్నాయి గానీ జ్వరం మళ్లీ రాలేదు, మెల్లగా ద్వారబంధం పట్టుకోవడం మానేశారు. పని చేసుకోవచ్చు గానీ జాగ్రత్త అంది డాక్టరమ్మ. జాగ్రత్త అన్నప్పుడు ఆయన్ని కాకుండా నన్ను చూసింది.

ఒకరోజు పొద్దున్నే డెయిరీ నుంచి ఫోను. తొలిచూలు ఆవు, దూడ అడ్డం తిరిగింది. ఆయన స్కూటరు తీస్తుంటే పట్టీ, గ్లౌజుల పొట్లం చేతిలో పెట్టాను. వద్దనలేదు, సరేననీ అనలేదు. వెళ్లాక నాకు పని సాగలేదు. అక్కడ చూసేవాళ్లెవరు? నేను లేను. చెయ్యి లోపల పెట్టి దూడ కాలు దొరక్కపోతే పీకి అవతల పారేస్తారు, నాకు తెలియదా ఈ మనిషి సంగతి? వేసిన కుట్టు విప్పడం, విప్పింది మళ్లీ వేయడం. మధ్యాహ్నం దాకా ఒక్క చొక్కా తెమల్లేదు.

స్కూటరు ఆగింది. ఆయన లోపలికి రాకుండా వెనకవైపు వెళ్లి చేతులు కడుక్కుని, చొక్కా విప్పి తన బకెట్లో వేసుకుని, అప్పుడు వచ్చారు. మెడలో నాడా అలాగే ఉంది. పట్టీ దండకే ఉంది, తడిసి, నెత్తురు మరకలతో.

"నిజంగానే చెయ్యి గుడ్డిదైంది" అన్నారు. "తడుముకోవాల్సొచ్చింది. రెట్టింపు సేపు పట్టింది."

"దూడ?"

"నిలబడింది. పాలు తాగుతోంది." కుర్చీలో కూర్చుని పట్టీ లాక్కుంటూ మొహం చిట్లించారు. "కానీ నువ్వు కుట్టింది ఏం కుట్టడమే? బిగిసిపోతోంది. రక్తం ఆడక చెయ్యి తిమ్మిరెక్కింది. కొలత తప్పు తీశావు."

"నా కొలత తప్పా? ఇన్నేళ్లలో ఒక్కరు అనలేదు ఆ మాట" అని టేపు పట్టుకుని లేచాను. పట్టీ ఊడదీసి, అదే చోట దండ చుట్టూ టేపు చుట్టాను. చిక్కిపోయినప్పటి పాత కొలత దగ్గరికి టేపు అందలేదు. రెండు వేళ్ల ఎడం మిగిలిపోయింది.

"ఏమైంది?" అన్నారు.

"ఏమీ కాలేదు, చెయ్యి కదపకండి" అని కసిరి, ఇంకోసారి కొలిచాను.